సీసా నిండిన రోజు

మార్లిస్ హౌటలా పిల్లల మీద గొంతెత్తి అరవగా మా బడిలో ఎవరూ వినలేదు. ఆవిడ గది పక్కనే నా గది. మధ్యనున్నది పేరుకే గోడ, ఇటు దగ్గితే అటు వినపడుతుంది. నా నాలుగో తరగతి మీద నేను పొద్దుటినుంచీ కేకలేస్తూనే ఉంటాను, వెయ్యకపోతే నాకు తిన్నది అరగదు. ఆవిడ మూడో తరగతిలోంచి మాత్రం కేక బదులు గాజు మీద గాజు పడిన చప్పుడు వచ్చేది. టింగుమని ఒక్క చప్పుడు. ఆ వెనకే పాతికమంది పిల్లలు సంతోషంగా గుసగుసలాడుకోవడం వినిపించేది.

అది గోలీల సీసా. బడి వంటగదికి ఊరవేసిన దోసకాయలు వచ్చే పెద్ద గాజు సీసాని కడిగి, మూత పారేసి, తన బల్ల మీద పెట్టుకుంది. పిల్లలు వరస చెదరకుండా నడిచొస్తే ఒక గోలీ. ఒకరు మంచులో జారిపడితే ఇంకొకరు లేవదీసినా, ఎవరూ చెప్పకుండా ఒలికిన పాలు తుడిచినా ఒక గోలీ. అది ఆ ఒక్కరికీ కాదు, తరగతి మొత్తానికి. సీసా అంచుదాకా నిండిన రోజున మధ్యాహ్నం చదువు ఉండదు. అందర్నీ ఊళ్ళోని ఐసు మైదానానికి తీసుకెళ్ళి స్కేటింగు చేయించి, పిజ్జా, వేడి కోకో ఇప్పించేది. మూడో తరగతికి వచ్చే పిల్లలు వేసవి సెలవుల్లోనే ఆ సీసా గురించి కలలు కనేవారు.

ఆవిడ తండ్రి మా ఊరి ఇనపగనిలో లారీ తోలేవాడు. ఫిన్లండునుంచి వలసొచ్చిన కుటుంబం, ఇంట్లో ఫిన్నిష్ మాట్లాడుకునేవారు. మార్లిస్ బళ్ళో చేరేనాటికి ఇంగ్లీషు నాలుగు ముక్కలు కూడా సరిగా రావు. అప్పటి టీచరమ్మ, నోరు తిరగని పిల్లల్ని గోడకేసి ముఖం పెట్టించి మూల నిలబెట్టేది. అలా నిలబడి నిలబడి, బయటికెళ్ళాలని ఇంగ్లీషులో అడగడం రాక, మార్లిస్ ఒకరోజు బట్టలు తడుపుకుంది. పిల్లలు నవ్వారు. టీచరమ్మ కూడా నవ్వింది. ఈ సంగతి ఆవిడ నాకు ఒకే ఒకసారి చెప్పింది, అదీ చర్చి వంటగదిలో గిన్నెలు తోముతూ, నా ముఖం చూడకుండా.

"నేను టీచర్నయితే ఏ పిల్లా నా గదిలో తల దించుకోకూడదనుకున్నాను జాయిస్. అంతే" అంది.

మొక్కై వంగనిది మానై వంగునా అంటూ బెత్తాలు పట్టుకు తిరిగినవాళ్ళ చేతికింద పెరిగి, తను మాత్రం గోలీ పట్టుకుంది. ఆ పట్టుదలకి నాకు ఆవిడంటే గౌరవం. ఆ గోలీలు మాత్రం నాకు ఏనాడూ మింగుడు పడలేదు. బుద్ధిగా ఉండటానికి కూలి ఏమిటని నా వాదన. కాఫీ గదిలో ఆవిణ్ణి ఏడిపించేదాన్ని, మీ ఆయన చెత్తబుట్ట బయటపెడితే ఆయనకీ ఓ గోలీ వేస్తావా అని. వేస్తాను, ముందు ఆయన్ని పెట్టడం మొదలెట్టనీ, అనేది ఆవిడ.

ఆవిడకి ఒక నియమం ఉండేది. వేసిన గోలీ వెనక్కి తియ్యకూడదు. పిల్లలు ఎంత అల్లరి చేసినా సరే, కొత్తవి పడవు గాని పాతవి పోవు. ఇచ్చింది లాక్కుంటే ఇక అది బహుమానం ఎలా అవుతుంది అనేది. కొత్తగా వచ్చిన టీచర్లకి కూడా ఇదే చెప్పేది.

ఆ ఏడు ఆవిడ తరగతిలో ట్రినా పెర్కో అనే పిల్ల ఉంది. చెడ్డపిల్ల కాదు, కుదురులేని పిల్ల. తలలో పుట్టిన మాట నోటిదాకా వచ్చి ఆగే రకం కాదు. వరసలో నిలబెడితే పాట, కుర్చీలో కూచోబెడితే కాళ్ళతో తాళం. తల్లి ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసి వచ్చి పగలు పడుకునేది. ఇంట్లో ఆ పిల్ల చెప్పేది వినడానికి మెలకువగా ఉన్న మనిషి లేదు. అందుకని పోగుపడిన మాటలన్నీ తెచ్చి మా బళ్ళో కుమ్మరించేది. నా గది ముందు నుంచి వెళుతూ, మీ చెప్పులు బావున్నాయి, మా పిల్లి నిన్న ఎలకని పట్టింది, మీకు పిల్లలు లేరా, అన్నీ ఒక్క ఊపిరిలో అడిగేసేది.

వరస సగం దారి బుద్ధిగా నడిచేది. అంతలో ట్రినా నోరు విప్పేది. ఆ రోజు గోలీ పడేది కాదు. క్రిస్మస్‌కి నిండాల్సిన సీసా ఆ ఏడు నిండలేదు. అయినా పిల్లలు ఓపిక పట్టారు, ఎందుకంటే ఉన్నవి ఎక్కడికీ పోవని వాళ్ళకి తెలుసు.

జనవరిలో కొత్త ప్రిన్సిపాల్ తరగతి చూడటానికొచ్చి వెనక కూచున్నాడు. ఎంతో మంది అధికారుల్ని చూసిన మనిషే మార్లిస్, కానీ ఈయన మూడో తరగతిలో క్రమశిక్షణ లేదని అప్పటికే ఒకసారి అని ఉన్నాడు. ఆవిడ పాఠం చెబుతుంటే ట్రినా వెనక్కి తిరిగి, మీ టైకి అంటుకున్నది కోడిగుడ్డేనా, పొద్దున మేమూ గుడ్డే తిన్నాం, అంది. తరగతి పగలబడి నవ్వింది. ఆయన కాగితం మీద ఏదో రాసుకుని వెళ్ళిపోయాడు.

తలుపు మూసుకున్నాక మార్లిస్ అంతవరకూ ఎన్నడూ చెయ్యని పని చేసింది. సీసాలో చెయ్యి పెట్టి గుప్పెడు గోలీలు తీసి సొరుగులో పడేసింది. ట్రినా పేరు ఎత్తలేదు. ఎత్తాల్సిన పని లేకపోయింది. తలలన్నీ ఒక్కసారే ఆ పిల్లవైపు తిరిగాయట.

ఆ సాయంత్రం కాఫీ గదిలో కప్పు ముందు పెట్టుకుని తాగకుండా కూచుంది. తియ్యకూడదు, తీసేశాను, అంది. మర్నాడు తిరిగి వేసేద్దామనుకుంది. వెయ్యబోయేసరికి, తరగతి చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దంగా ఉంది. పని చేస్తున్న మందుని ఎవరు మానేస్తారు? సొరుగులోవి సొరుగులోనే ఉండిపోయాయి.

అప్పట్నుంచీ ఆ తరగతిలో పెద్దవాళ్ళ పని పిల్లలు అందుకున్నారు. మార్లిస్ కళ్ళకి బుద్ధిగా నడిచే వరస కనపడేది. నా గది గుమ్మంలోంచి చూస్తే మరోటి కనపడేది. ట్రినా నోరు తెరవబోయేలోపే ముందొకడు, వెనకొకతె పాముల్లా బుసకొట్టి దాని నోరు మూయించేవారు. భోజనాల దగ్గర దాని పక్కన కుర్చీ ఖాళీగా ఉండేది. వీళ్ళందరికీ నాయకుడు కర్ట్ లాంపి. వాడు రౌడీపిల్లాడయితే నాకు ఇంత కంగారు ఉండేది కాదు. తలుపు తెరిచి పట్టుకునే పిల్లాడు, టీచరు మెప్పు కోసం ప్రాణం పెట్టే పిల్లాడు. ట్రినాని ఒకసారి కూడా కొట్టలేదు, తిట్టలేదు. ప్రతిరోజూ దాని దగ్గరికెళ్ళి, ఇవాళ నోరు మూసుకుంటావా ట్రినా, ప్లీజ్, అని బతిమాలేవాడు. అది ప్రతిరోజూ మూసుకుంటానని మాటిచ్చేది, నిజంగా మూసుకోవాలనే అనుకునేది.

ఫిబ్రవరిలో సీసా మెడదాకా వచ్చింది. ఆ రోజు మార్లిస్, మధ్యాహ్నం ఆటలయ్యాక వరస చప్పుడు లేకుండా లోపలికొస్తే మిగిలిన గోలీలన్నీ ఒకేసారి వేసేస్తాను, సొరుగులోవి కూడా, అంది. తను తీసినవి తిరిగి ఇచ్చెయ్యడానికి ఓ సాకు కోసం చూస్తోంది పాపం. పిల్లలు కోట్లు తొడుక్కుని బయటికి పరిగెత్తారు.

మా బడి వెనక కార్లు పెట్టుకునే చోట పడ్డ మంచునంతా బండి వచ్చి ఆటస్థలం చివరికి తోసేస్తుంది. ఫిబ్రవరికల్లా అక్కడ బడి కప్పు అందుకునేంత గుట్ట లేస్తుంది. పిల్లలు అందులో గుహలు తవ్వుతారు. తవ్వొద్దని ఏటా చెబుతాం, ఏటా తవ్వుతారు. ఎందుకు వద్దంటామో మా ఊళ్ళో పసివాడికి కూడా తెలుసు. మంచుబండి తోలేవాడికి గుట్టలో ఏముందో కనపడదు. అంతకుముందు రాత్రంతా మంచు కురిసింది. ఆటల బెల్లు అయిపోగానే బండి రావాలి.

బెల్లు మోగింది. మార్లిస్ తలుపు దగ్గర నిలబడింది. అలాంటి వరసని ఆవిడ ఇన్నేళ్ళ ఉద్యోగంలో చూడలేదు. బూట్లు చప్పుడు కాకుండా, చేతులు కట్టుకుని, ఒకరి వెనక ఒకరు వచ్చారు. చూసి మురిసిపోయింది. ఆ మురిపెంలో తలలు లెక్కపెట్టలేదు. మామూలుగా ట్రినా ఉన్నదీ లేనిదీ లెక్కపెట్టకుండానే చెవికి తెలిసిపోయేది. ఆ రోజు చెవికి ఏమీ వినపడకపోతే, ట్రినాకి ఇన్నాళ్ళకి బుద్ధొచ్చిందనుకుంది.

గోడకి ఇవతల నాకు గోలీలు వరసగా పడటం వినిపించింది. టింగు టింగుమంటూ చాలాసేపు పడ్డాయి. అయిపోయింది, ఇప్పుడు గోల మొదలవుతుంది, నా పాఠం గంగలో కలుస్తుంది, అనుకుని సుద్దముక్క పక్కన పెట్టాను. గోల రాలేదు. బయట మంచుబండి వెనక్కి వచ్చేటప్పుడు కొట్టే కీకీమనే చప్పుడు ఒక్కటే వినపడుతోంది.

లోపల జరిగింది తర్వాత ఆవిడే చెప్పింది. సీసా నిండింది, కేకలెయ్యరేమర్రా, అని నవ్వుతూ అడిగిందట. ఒక్కరూ నవ్వలేదు. బయట బండి కీకీమన్నప్పుడల్లా కర్ట్ కళ్ళు కిటికీ మీదికి వెళ్ళి తిరిగి బల్ల మీదికి వస్తున్నాయి. ఆవిడ వాడి కళ్ళ వెంట కిటికీ వైపు చూసింది. కిటికీ పక్క కుర్చీ ఖాళీగా ఉంది.

ట్రినా ఏదని అడిగింది. జవాబు లేదు. నర్సు దగ్గరికెళ్ళిందా అంటే జవాబు లేదు. ఒక ఆడపిల్ల ఏడుపు మొదలెట్టి, చప్పుడవుతుందని అరచేత్తో నోరు మూసుకుంది.  కర్ట్ ఎదుట మోకాళ్ళ మీద కూచుంది మార్లిస్.

వాడు ముందు సీసా వంక చూశాడు. "చెబితే గోలీలు తీసేస్తారా టీచర్?" అన్నాడు.

మార్లిస్ వాడి రెండు చేతులూ పట్టుకుంది. "తియ్యను. చెప్పు" అంది.

"గుట్టలో కూచుంది. మేమే కూచోమన్నాం. సీసా నిండాక నేనొచ్చి నిండిందని కేకేస్తాను, అప్పటిదాకా ఎవరు పిలిచినా పలక్కూడదన్నాం. అప్పుడు స్కేటింగుకి నీ చెయ్యి నేనే పట్టుకుంటానన్నాను. సరేనంది టీచర్. దానికీ ఇష్టమే."

నేను కిటికీలోంచి చూసేసరికి మార్లిస్ కోటు లేకుండా, ఉన్ని స్వెట్టరుతో, గదిలో వేసుకునే మెత్తటి చెప్పులతో మంచులో పరిగెడుతోంది. ఆవిడ పరిగెత్తగా చూడటం అదే మొదలు. ఒకసారి జారి మోకాళ్ళ మీద పడి, లేచి, తిన్నగా మంచుబండికి అడ్డం పడి చేతులు చాపింది. బండి ముందున్న ఇనపరేకు ఆవిడ నడుముకి తగిలేంత దగ్గరికి వచ్చి ఆగింది. నా పిల్లల్ని కదిలితే చంపేస్తానని చెప్పి నేనూ పరిగెత్తాను.

బండి తోలే రస్ కిందికి దూకి ముందు ఆవిణ్ణి తిట్టాడు. చావాలనుందా అన్నాడు. సంగతి విన్నాక గుట్ట వైపు తిరిగాడు. "ఇప్పటిదాకా దాని మీదికే తోశాను గదమ్మా" అని మాత్రం అనగలిగాడు.

గుట్ట పొడవు మా బడి గోడంత ఉంది. కొత్త మంచు పడి గుహల నోళ్ళన్నీ పూడుకుపోయాయి. ఎక్కడ తవ్వాలి? తప్పుచోట పార వేస్తే పైదంతా కూలి కిందికి వస్తుందని రస్ ఆగాడు. మేం ముగ్గురం పేరు పెట్టి పిలిచాం. మార్లిస్ అరిచింది. నేనెప్పుడూ వినని గొంతు అది, తనలోనిది కాదన్నట్టు చీలిపోయి వచ్చింది. ట్రినా, ట్రినా, అని అరిచి చెవి మంచుకి ఆనించేది. ఏమీ లేదు.  అయిపోయింది, ఆ పిల్ల పోయింది, అనే అనుకున్నాను.

ఉన్నట్టుండి మార్లిస్ అరవడం ఆపేసింది. "పిలిస్తే పలకదు జాయిస్. పలకనని మాటిచ్చింది" అంది.

లేచి నిలబడి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని కేకేసింది. "ట్రినా, సీసా నిండింది. సీసా నిండిందమ్మా."

గుట్ట ఆ చివరనుంచి, మేం పొరపాటున కూడా తవ్వాలనుకోని వైపునుంచి, నూతిలోంచి వచ్చినట్టు చిన్న గొంతు వచ్చింది. "నిజంగానా?"

రస్ పార అందుకున్నాడు. కొంత దూరం తవ్వి, పార పారేసి చేతులతో తోడాడు. మేమూ తోడాం. ముందు బూటు కనపడింది. కాళ్ళు పట్టుకుని లాగితే మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని ముద్దలా ముడుచుకున్న పిల్ల బయటికొచ్చింది. పెదాలు నల్లబడ్డాయి. కుడిచేతికి తొడుగు లేదు, వేళ్ళు కొవ్వొత్తుల్లా తెల్లగా ఉన్నాయి. ఆ తొడుగు ఒళ్ళో ఉంది, తడిసి, పంటిగాట్లతో. మాట జారిపోతుందేమోనని తీసి నోట్లో కుక్కుకుందట. మార్లిస్ ఆ చేతిని తన స్వెట్టరు లోపల, పొట్టకి ఆనించి పట్టుకుంది.

ట్రినా పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. అయినా ముఖమంతా వెలుగు. నేను ఆ వెలుగుని భరించలేక తల తిప్పుకున్నాను.

"నా మీద మంచు పడ్డప్పుడు కూడా అరవలేదు టీచర్" అంది.

మార్లిస్ ఆ పిల్లని ఎత్తుకుని నడిచింది. తొమ్మిదేళ్ళ పిల్ల, బరువే, నేనూ రస్ ఇటివ్వమన్నా ఇవ్వలేదు. అంబులెన్సు వచ్చేదాకా అలాగే పట్టుకుని కూచుంది. అందులోకి ఎక్కించాక కూడా తనూ ఎక్కింది. తల్లి నిద్రలోంచి లేచి, కోటు లోపల పడుకునే బట్టలతోనే ఆసుపత్రికి పరిగెత్తుకొచ్చింది. ఆ తల్లికి జరిగిందంతా మార్లిసే చెప్పింది, జనవరిలో తను గుప్పెడు గోలీలు తియ్యడం దగ్గర మొదలుపెట్టి, ఒక్కటీ దాచకుండా. వేళ్ళు పోవని డాక్టరు అనేదాకా ఇద్దరూ ఒక బెంచీ మీద కూచున్నారు.

ఊళ్ళో ఆ రాత్రికే అందరికీ తెలిసిపోయింది. మార్లిస్‌ని తీసెయ్యాలన్నవాళ్ళున్నారు, ఆవిడ లేకపోతే పిల్ల దక్కేదా అన్నవాళ్ళున్నారు. సీసా నిండింది కదా, మరి స్కేటింగు ఎప్పుడని ఫోను చేసిన తల్లులు కూడా ఉన్నారు. వాళ్ళ పేర్లు నేను మరిచిపోను. ప్రిన్సిపాల్ ఆవిణ్ణి కొన్నాళ్ళు ఇంట్లో ఉండమన్నాడు. రేపొక్కరోజు పిల్లల్ని చూడనివ్వమని అడిగి ఒప్పించుకుంది.

మర్నాడు పొద్దున ఆవిడకి తోడుంటానని నేనూ వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. బల్ల మీద సీసా లేదు. రాత్రే ఇంటికి పట్టుకుపోయి గోలీలన్నీ బకెట్లో పోసిందట. పిల్లలు నడవా చివరనుంచి వస్తున్నారు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ నిలబెట్టలేదు, అయినా వరసలో వస్తున్నారు. చేతులు కట్టుకుని, బూట్లు చప్పుడు చెయ్యకుండా, చూపు నేల మీద పెట్టుకుని. అందరికన్నా ముందు కర్ట్.

 మార్లిస్ ముఖం చూశాను. ఇన్నేళ్ళుగా ఏ నిశ్శబ్దం కోసం ఆవిడ గోలీలు వేసిందో, దాన్ని చూసి ఆవిడకి భయమేసింది. వరస గుమ్మం ముందు ఆగింది. ఒక్కొక్కరి తల మీదా చెయ్యి వేసి లెక్కపెట్టుకుంది. ఆసుపత్రిలో ఉన్న పిల్ల తప్ప అందరూ ఉన్నారు.

"మాట్లాడండర్రా. ఎవరైనా ఏదైనా మాట్లాడండి" అంది. గొంతు బతిమాలినట్టుంది.

పిల్లలు ఆవిడ భుజం పక్కనుంచి తొంగి బల్ల వంక చూశారు. సీసా అక్కడ లేకపోవడం చూశారు. ఇది కూడా ఏదో పరీక్షే అనుకున్నారు కాబోలు, ఒకరినొకరు కళ్ళతో హెచ్చరించుకున్నారు. పెదాలు ఇంకా గట్టిగా బిగించారు.